చిలుము పట్టిన చోట

పాత కారులో కరెంటు తీగలు బాగుచేసుకోవడం గురించి కూడా వ్యాసమా అని మిత్రులు నవ్వవచ్చు. కథలు రాయగలవారు కథలు, కవితలు రాయగలవారు కవితలు ఈ సంచికకు ఎలాగూ ఇస్తారు. నాకు చేతనయినది ఇది. పైగా ఇందులో మా యింటి సంగతితోపాటు మా ప్రాంతం సంగతి కూడా కొంత వుంది కనుక ధైర్యం చేశాను.

మా ఉద్దానంలో ఏ ఇనుప వస్తువుకైనా వయసులు రెండు. తయారుచేసినవాడు చెప్పే వయసు ఒకటి, సముద్రపు గాలి చెప్పే వయసు మరొకటి. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు పెద్దలు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి, పనస తోటల నీడలో నడిచినవారు ఆ మాట నిజమేనంటారు. కానీ ఆ పచ్చదనాన్ని తడిమే గాలిలోనే ఉప్పు వుంది. కిటికీ ఊచలు, నూతి గిలక, మోటారు స్టార్టరు, సైకిలు చెయిను, దేన్నీ అది వదలదు. ఇనుముకు పట్టేదాన్ని తుప్పు అంటాం. రాగికి పట్టే పచ్చటి పొరను చిలుము అంటాం. ఈ వ్యాసం చిలుము గురించి.

మా పెదనాన్నకు ఒక అంబాసిడర్ కారు వుంది. 1986 మోడలు, డీజిలు బండి. అంబాసిడర్ అంటే పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు తయారుచేసిన కారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసు దీనికి మూలం. 1950ల చివర మొదలైన తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. మంత్రుల కారూ అదే, పెళ్ళికొడుకు కారూ అదే, పలాస రైల్వేస్టేషను ముందు నిలబడే టాక్సీ కూడా అదేగా వుండేది ఒకప్పుడు. పెదనాన్న దాన్ని పాతదిగా కొని చాలా ఏళ్ళు బాడుగలకు నడిపాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినపుడు మా కొబ్బరిచెట్లు సగానికి పైగా పడిపోయాయి, జీడితోట నేలమట్టమయింది. పశువులశాల కప్పు లేచిపోయింది. కారు మాత్రం పనసచెట్టు కొమ్మ మీద పడ్డా సొట్టతో బయటపడింది. ఆ తరువాత అప్పులకు పొలం కొంత అమ్మాం కానీ కారు అమ్మలేదు. అమ్మితే తుక్కు ధర తప్ప రాదు, అది వేరే సంగతి.

ఇపుడా కారు బాడుగకు తిరగదు. పెదనాన్న కూడా నడపడు. మూడేళ్ళ నుంచి ఆయనకు కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఇది కొత్త మాట కాదు. షుగరు, బీపీ లేనివారికి కూడా, పొలం పనిచేసుకునేవారికి కూడా మూత్రపిండాలు నిశ్శబ్దంగా చెడిపోవడం ఇక్కడ దశాబ్దాలుగా జరుగుతోంది. దేశవిదేశాల నుంచి పరిశోధకులు వచ్చి నీళ్ళు, మట్టి, రక్తం పరీక్షలకు పట్టుకెళ్ళారు. ఇదిగో ఇదొక్కటే కారణం అని ఇంకా తేల్చలేదు. మా పెదనాన్నకు వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, పలాసలో డయాలసిస్. ఒక్కో విడత నాలుగు గంటలు. పొద్దున్న మొదటి వరుసలో ఎక్కాలంటే ఇంట్లో నాలుగింటికి బయలుదేరాలి. ఆ వేళకు మా వూరికి బస్సు లేదు. ఆటోవాళ్ళు వస్తారు గానీ వారానికి రెండుసార్లు రానూపోనూ ఇచ్చుకోవడం మావంటివారికి భారం. అందుకని నాన్న అంబాసిడర్ తీస్తారు. మా వీధిలోని మరో ఇద్దరు రోగులు కూడా అందులోనే వస్తారు, డీజిలు ఖర్చు ముగ్గురూ పంచుకుంటారు. అంటే ఆ బండి ఆగితే ముగ్గురికి ఆగుతుంది. ఒక్క విడత తప్పితే వొంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది, గుండెకు ముప్పు. బండి సంగతి నేను ఇంత పట్టించుకోవడానికి కారణం ఇదే.

నిరుడు మార్గశిర మాసం. మంచు దట్టంగా వుంది. ఒక మంగళవారం, వూరు దాటి చెరువుగట్టు మలుపు దగ్గర గోతిలో చక్రం పడగానే రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారి ఆరిపోయాయి. డీజిలు బండి కనుక ఇంజను ఆగలేదు. అందులో నూనె పంపు ఇంజనే తిప్పుతుంది, మంటకు కరెంటుతో పనిలేదు. కాబట్టి బండి చీకట్లోకి పోతూనే వుంది. నాన్న బ్రేకు మీద నిలబడ్డారు. ముందు చక్రానికీ నీళ్ళకూ మధ్య రెండు మూరలు వుంది, అంతే. వెనక సీట్లో వున్న ముగ్గురూ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి పెదనాన్నే, "ఏటిరా, నీటి జబ్బని నీటిలోకే తోసీద్దామనుకున్నావా?" అన్నాడు. నవ్వారు గానీ ఎవరి నవ్వూ నిలవలేదు. తెల్లారేదాకా అక్కడే వుండి వెళ్ళారు. మొదటి వరుస దాటిపోయింది, తరువాతి వరుసలో ఎక్కించారు.

ఆ మధ్యాహ్నం తిరుగుదారిలో నాన్న బండిని ఒక షాపులో చూపించారు. ఆయన బానెట్ ఎత్తి, ఒక్క నిమిషం చూసి, వైరింగ్ సెట్టు మొత్తం మార్చాలి, ఇరవైరెండు వేలు, వారం రోజులు పడుతుంది అన్నాడు. వారం అంటే రెండు విడతలు. ఇరవైరెండు వేలు అంటే మా జీడిపిక్కల మీద వచ్చేదాంట్లో పెద్ద భాగం. ఇంటికి వచ్చి నాన్న అరుగు మీద కూచుని, "అన్నయ్యా, ఇక తుక్కుకి ఇచ్చీడమే మంచిది" అన్నారు. పెదనాన్న పలకలేదు.

సెలవులకు ఇంటికి వచ్చి వున్నాను. శుక్రవారం నాలుగింటిదాకా వ్యవధి వుంది. బీఎస్సీ భౌతికశాస్త్రంలో ఓమ్ సూత్రం, కిర్కాఫ్ సూత్రాలు చదివాం, ప్రయోగశాలలో మీటర్ బ్రిడ్జి మీద నిరోధాలు కొలిచాం. నా దగ్గర మూడు వందల రూపాయల మల్టీమీటరు ఒకటి వుంది. తీగలు మార్చాలో, అక్కర్లేదో ముందు కొలిచి చూద్దాం అన్నాను. కొలవడానికి డబ్బులు అక్కర్లేదు కనుక ఎవరూ అడ్డు చెప్పలేదు.

కారు కరెంటు గురించి తెలియనివారికి ఒక్క మాట. ఇంట్లో ప్రతి దీపానికీ రెండు తీగలు వస్తాయి. కారులో ఒక తీగే వస్తుంది. రెండో తీగ పని కారు ఒళ్ళే చేస్తుంది. బ్యాటరీ నెగెటివ్ కొసను ఇనుప బాడీకి బిగిస్తారు. కరెంటు తీగగుండా వెళ్ళి, దీపంలో పనిచేసి, బాడీగుండా తిరిగి వస్తుంది. దీన్నే ఎర్త్ అంటారు మెకానిక్కులు. వెళ్ళే దారి ఎంత బాగున్నా వచ్చే దారి బాగులేకపోతే దీపం వెలగదు. చాలామంది వెళ్ళే దారినే వెతుకుతారు. వచ్చే దారి బోల్టు కింద, మట్టి కింద, కంటికి కనబడకుండా వుంటుంది.

ఇంకో సదుపాయం, ఈ బండ్లలో తీగల రంగులకు అర్థం వుంది. ఇంగ్లీషు బండ్ల పాత పద్ధతి అది. గోధుమ రంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. తెల్లది తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చది ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్లకు, అందులో తెల్లగీత వుంటే పెద్ద వెలుగు, ఎర్రగీత వుంటే డిమ్ము. ఎర్రది వెనక దీపాలకు. నల్లది ఎర్త్. ముప్పై ఏళ్ళ మసి తుడిచి చూస్తే రంగులు బయటపడ్డాయి. అవి చూసి నోటుపుస్తకంలో బొమ్మ గీసుకున్నాను. బొమ్మ గీయకుండా ఏ తీగా ముట్టుకోకూడదు. ఇది మొదటి నియమం.

రెండో నియమం, తీగ విప్పేముందు బ్యాటరీ నెగెటివ్ కొసను ముందు విప్పాలి, బిగించేటపుడు దాన్ని చివర బిగించాలి. పాజిటివ్ ముందు విప్పబోతే పానా జారి బాడీకి తగిలిందా, బ్యాటరీ మొత్తం ఆ పానాగుండా పోతుంది. నెగెటివ్ ముందే తీసేస్తే ఆ దారి తెగిపోయి వుంటుంది కనుక పానా ఎక్కడ తగిలినా భయం లేదు.

ఇక కొలతలు. దీపాలు ఆర్పి వుండగా బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. అంటే బ్యాటరీ బాగుంది. దీపాలు వేసి చూస్తే బ్యాటరీ దగ్గర 12.2. హెడ్‌లైటు హోల్డరులో రెండు ముళ్ళ మధ్య చూస్తే 9.8 మాత్రమే. 2.4 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. దీపం ఆర్పి కొలిస్తే ఈ నష్టం కనబడదు. కరెంటు పారుతున్నపుడే కొలవాలి. నిరోధం ఎంతున్నా, కరెంటు లేనిదే నష్టం వుండదు కదా. పుస్తకంలో ఓమ్ సూత్రం రెండు గీతల మధ్య రాసి వుంటుంది, ఇక్కడ అది చీకటిగా కనబడింది.

ఒక్కో ముక్కను విడిగా కొలిచాను. బ్యాటరీ నుంచి స్విచ్చి వరకు 0.3. స్విచ్చిలో 0.5. కాలితో నొక్కే డిప్పర్ స్విచ్చి, దాని అతుకులు కలిపి 0.6. ఆఖరికి దీపం నల్లతీగ నుంచి బ్యాటరీ నెగెటివ్ వరకు, అంటే తిరుగుదారిలో, 1.0. అన్నీ కలిపితే సరిగ్గా 2.4. కిర్కాఫ్ గారి రెండో సూత్రం మా కొబ్బరిచెట్టు కింద అణాపైసలతో సరిపోయింది. పరీక్షలో ఆ లెక్కకు అయిదు మార్కులు వచ్చినపుడు కూడా నాకు ఇంత సంతోషం కలగలేదు.

రెండు వోల్టులే కదా అనవచ్చు. ఫిలమెంటు దీపం వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు, దానికంటే చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. మా బండిలో అయిదో వంతు తగ్గింది కనుక సగం వెలుగు కూడా లేదు. నెలల తరబడి నాన్న కళ్ళు మందగించాయనుకున్నారు. కళ్ళు బాగానే వున్నాయి. పోయిన కరెంటు వూరికే పోదు. 10 ఆంపియర్లు పారే చోట 1 వోల్టు పోతే 10 వాట్ల వేడి ఆ ఒక్క బోల్టు దగ్గరే పుడుతుంది. ఆ వేడికి అతుకు ఇంకా చెడుతుంది, చెడినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది.

రేడియేటరు పక్కన రెండు దీపాల నల్లతీగలూ కలిసి బాడీకి బిగిసిన బోల్టును విప్పాం. రాగి లగ్గు పచ్చగా, దాని కింద ఇనుము ఎర్రగా పొడిపొడిగా వుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా వుంటుంది, అది గాలిలోని తేమను పీల్చి పట్టుకుంటుంది. ఎండాకాలంలో కూడా ఆ చోటు పూర్తిగా ఆరదు. రాగి, ఇనుము, మధ్య ఉప్పునీరు, ఈ మూడూ చేరితే అది ఒక చిన్న సెల్లు. అందులో ఇనుము ముందు తినబడుతుంది. పెదనాన్న కుర్చీలోంచి తొంగిచూసి, "ఇంత పిసరు పచ్చకి ఇరవైరెండు వేలా?" అన్నాడు.

ఎమ్రీ పేపరుతో ఇనుమును తెల్లగా మెరిసేదాకా రుద్దాం. అమ్మ చింతపండు తెచ్చి ఇచ్చింది, రాగిచెంబు తోమినట్టు తోమమని. లగ్గు వరకు అది బాగానే పనిచేస్తుంది, వెంటనే నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. సన్నతీగల గుత్తిలోకి మాత్రం పులుపు పోనివ్వకూడదు, లోపలే వుండి తింటుంది. కనుక పాడయిన తీగకొసలు మంచి రాగి కనబడేదాకా కోసి కొత్త లగ్గులు నొక్కించాం. బోల్టు బిగించాక పైన వ్యాసలైన్ దట్టంగా పూశాం. గాలి చొరకపోతే చిలుము చొరదు.

గోతిలో పడితే దీపాలు ఆరిపోవడానికి కారణం డిప్పర్ స్విచ్చి దగ్గర దొరికింది. అది డ్రైవరు ఎడమపాదం కింద వుంటుంది. మా వూరి ఇసుకంతా పాదాలతో అక్కడికే చేరుతుంది. దానికి వచ్చే నీలం తీగను ఎపుడో ఎవరో మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు విప్పితే తీగల్లో మూడువంతులు పొడి అయిపోయి వున్నాయి, మిగిలిన నాలుగు పోగులు రెండు దీపాలనూ మోస్తున్నాయి. మెలిపెట్టిన అతుకు మెలి వుండగానే వదులవుతుంది. దాన్ని కోసి, కొత్త తీగ వేసి, టంకం పెట్టి, పైన స్లీవు ఎక్కించాం. టంకానికి ఆమ్లం వున్న పేస్టు వాడకూడదు, రోజిన్ వున్న సీసమే వాడాలి. ఆమ్లం అంటే మళ్ళీ చిలుమే.

గురువారం కాశీబుగ్గ వెళ్ళి రెండు రిలేలు, ఒక 20 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరుతో సహా, కొంచెం లావు తీగ తెచ్చాను. రిలే అంటే చిన్న విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్చి. 85, 86 అని రాసి వున్న ముళ్ళకు పాత స్విచ్చి నుంచి వచ్చే తీగ, ఎర్త్. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చే లావు తీగ. 87 నుంచి దీపానికి. పాత స్విచ్చి ఇపుడు అయస్కాంతానికి కావలసిన ఆంపియరులో అయిదో వంతు మాత్రం మోస్తే చాలు, దీపాల భారం కొత్త దారిది. డిమ్ముకు ఒకటి, పెద్ద వెలుగుకు ఒకటి. ఫ్యూజును బ్యాటరీకి వీలయినంత దగ్గరగా పెట్టాలి. ఫ్యూజు పోతే దాని బదులు రాగిపోగు, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం పెట్టే అలవాటు మా వైపు వుంది. కాలిపోవడమే ఫ్యూజు ఉద్యోగం. అది మానేస్తే ఆ ఉద్యోగం తీగ చేస్తుంది, తరువాత బండి చేస్తుంది.

ఇంజనుకూ బాడీకీ మధ్య వుండే అల్లిక పట్టీని కూడా విప్పి శుభ్రం చేశాం. స్టార్టరు వందల ఆంపియర్లు లాగుతుంది. ఆ పట్టీ చెడితే అంత కరెంటూ ఇంజనుకు తగిలివున్న ఇనుప కేబుళ్ళగుండా పోతుంది. స్టార్టు చేయగానే ఇంజను ఆపే కేబులు వేడెక్కుతోందంటే అర్థం అదే. అది తెలియక కొత్త బ్యాటరీలు కొన్నవారిని మా వైపే చూశాను.

గురువారం సాయంత్రం మళ్ళీ కొలిచాం. బ్యాటరీ దగ్గర 12.2, దీపం దగ్గర 11.9. తిరుగుదారిలో నష్టం మీటరు మీద కనీకనబడనంత. దీపాలు వేస్తే ఎదురుగా వున్న కొబ్బరిచెట్ల వరుస చివరిదాకా కనబడింది. మొత్తం ఖర్చు పన్నెండు వందల నలభై రూపాయలు. షాపాయన అబద్ధమాడాడని నేను అనను. మొత్తం మార్చినా దీపాలు వెలిగేవి. కాని మార్చవలసినవి మూడు చోట్లు, మిగతా తీగంతా మంచిదే. శుక్రవారం నాలుగింటికి బండి బయలుదేరింది, మొదటి వరుసకే అందుకుంది. పదిహేనేళ్ళు దాటిన కారుకు అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలి, అపుడు దీపాలు కూడా చూస్తారు. ఆ గండం కూడా ఈ వేసవిలో గడిచింది.

ఈ పని అయ్యాక నాకు ఒక ఆలోచన పట్టుకుంది. మా బండిలో బ్యాటరీ బాగుంది, దీపాలు బాగున్నాయి, పొడుగాటి తీగలు బాగున్నాయి. నష్టమంతా అతుకుల్లో. ఉద్దానం సంగతి కూడా నాకు ఇలాగే తోస్తోంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అదే రోజున హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపులలో ఉద్దానానికి తెచ్చే పథకమూ మొదలయింది. టెక్కలిలో, సోంపేటలో డయాలసిస్ జరుగుతోంది. ఇవన్నీ లావు తీగలే, నిజంగా కావలసినవే, వీటికోసం జనం ఏళ్ళ తరబడి అడిగారు. కానీ యంత్రం నుంచి రోగి యింటి అరుగు వరకు వుండే ఆఖరి ఇరవై కిలోమీటర్లు అతుకు. తెల్లవారుజాము నాలుగింటికి బస్సు వుందా అన్నది అతుకు. నల్లా చివర చెంబులో పడేది ఏ నీళ్ళు అన్నది అతుకు. అక్కడ వోల్టు పోతే ఆసుపత్రి ఎంత పెద్దదైనా మా వీధిలో చీకటే. దాన్ని కూడా ఆర్పి వుండగా కొలిస్తే కనబడదు, కరెంటు పారుతున్నపుడే, అంటే రోగి దారిలో వున్నపుడే కొలవాలి.

అది నా చేతిలో పని కాదు. నా చేతిలో పని చిన్నది. సంక్రాంతి లోపల మా వూళ్ళో రెండు ఆటోలకు, ఒక ట్రాక్టరుకు ఎర్త్ బోల్టులు విప్పి శుభ్రం చేశాం. ఆటో కుర్రాడు ఒకడు మీటరు పట్టుకోవడం నాకంటే త్వరగా నేర్చుకున్నాడు. వాడు పదోతరగతి తప్పాడు, అయినా "ఎలుగుతున్నపుడే కొలవాల గదన్నా?" అని నాకే తిరిగి చెబుతున్నాడు. మన కళాశాలలో సముద్రం వైపు నుంచి వచ్చినవారు ఎంతోమంది వున్నారు. వచ్చే సెలవులకు ఇంటికి వెళ్ళేటపుడు సంచిలో ఒక మల్టీమీటరు, ఒక ఎమ్రీ పేపరు ముక్క, వ్యాసలైన్ డబ్బా వేసుకుని వెళ్ళండి. వీధిలో ఏ బండి రోగుల్ని మోస్తోందో ముందు దాని దగ్గరకు వెళ్ళండి.